సోయా క్యాండిల్: మైనానికి తగ్గ వత్తి, జార్‌కి తగ్గ మంట

ఇంట్లో సోయా క్యాండిల్స్ చేసి అమ్మేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. దీపావళి గిఫ్ట్ బాక్సుల్లో, గృహప్రవేశం రిటర్న్ గిఫ్టుల్లో, పెళ్లి హ్యాంపర్లలో గాజు జార్‌లో పోసిన సెంటు క్యాండిల్ మామూలైపోయింది. ఒక కిలో సోయా వ్యాక్స్, ఒక ప్యాకెట్ వత్తులు, రెండు చిన్న సెంటు సీసాలు కలిపి ఆన్‌లైన్‌లో కిట్‌గా దొరుకుతున్నాయి. కరిగించి పోయడం గంట పని. అసలు టెన్షన్ వెలిగించాకే మొదలవుతుంది. ఒకరి క్యాండిల్ నడిమధ్యలో మాత్రమే కరిగి, గుంట పడి, ఆ గుంటలో వత్తి మునిగి ఆరిపోతుంది. ఇంకొకరిది నల్లటి పొగ వదులుతూ, జార్ చేత్తో పట్టుకోలేనంత వేడెక్కుతుంది. ఇద్దరూ కొన్నది ఒకే కిట్ కావచ్చు.

అప్పుడు అందరూ అడిగేది ఒకటే: మంచి వ్యాక్స్ ఏది, మంచి వత్తి ఏది? ఈ రెండింటికీ విడివిడిగా జవాబు చెప్పడం కుదరదు. ఒక మైనంలో చక్కగా వెలిగిన వత్తి ఇంకో మైనంలో ఆరిపోతుంది. అదే మైనం, అదే వత్తి అయినా జార్ రెండు సెంటీమీటర్లు వెడల్పైతే కథ మారిపోతుంది. ఎందుకలా అన్నది తెలియాలంటే ముందు మంట దగ్గర ఏం జరుగుతోందో చూడాలి.

మంటలో కాలేది ఏమిటి

క్యాండిల్‌లో దారం కాలుతోందని అనుకుంటాం. నిజానికి మంటకి ఇంధనం మైనం ఆవిరి. వెలుగుతున్న క్యాండిల్‌ని ఊది ఆర్పితే వత్తి కొస నుంచి సన్నగా తెల్లటి పొగ లేస్తుంది. వెంటనే ఒక అగ్గిపుల్ల గీసి, వత్తికి తగలకుండా, కొంచెం పైన ఆ పొగలో పెడితే మంట పొగ వెంబడే కిందికి దూకి వత్తిని అంటుకుంటుంది. ఆ తెల్ల పొగ అంతా మైనం ఆవిరే. చల్లగాలి తగిలి చిన్న చిన్న కణాలుగా మారడం వల్ల మన కంటికి కనిపిస్తోంది.

మంట వేడికి చుట్టూ ఉన్న మైనం కరుగుతుంది. కరిగిన మైనం వత్తి పోగుల మధ్య ఉన్న సన్నని సందుల గుండా పైకి పాకుతుంది. కొస దగ్గర ఆవిరవుతుంది. ఆ ఆవిరి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మండుతుంది. ఆ మంట మళ్లీ కొంత మైనాన్ని కరిగిస్తుంది. ఇదంతా నిలకడగా సాగినంతసేపూ క్యాండిల్ ప్రశాంతంగా వెలుగుతుంది.

వత్తి గంటకి ఎంత మైనాన్ని పైకి పంపగలదన్న దాని మీదే మంట సైజు ఆధారపడి ఉంటుంది. అవసరానికి మించి పంపితే ఆవిరి మొత్తానికీ ఆక్సిజన్ అందదు, సగం మండిన కార్బన్ మసిగా లేస్తుంది. తక్కువ పంపితే మంట చిన్నదై, అంచుల దాకా మైనాన్ని కరిగించలేకపోతుంది. వత్తి ఎంపికలో ఉన్న చిక్కంతా ఈ మధ్యస్థాన్ని పట్టుకోవడమే.

సోయా వ్యాక్స్ ఒక్కటి కాదు

సోయా నూనెలోకి నికెల్ ఉత్ప్రేరకం సాయంతో హైడ్రోజన్‌ని ఎక్కిస్తే అది గది వేడిలో కూడా గడ్డగా ఉండే కొవ్వుగా మారుతుంది. మనకి తెలిసిన డాల్డా, అంటే వనస్పతి, చాలాకాలం తయారైందీ ఈ పద్ధతిలోనే. 1990ల మొదట్లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో మైఖేల్ రిచర్డ్స్ అనే ఆయన తేనెమైనానికి చవకైన ప్రత్యామ్నాయం వెతుకుతూ సోయా నూనెను క్యాండిల్ మైనంగా మలిచారు. అయోవా చుట్టుపక్కలంతా సోయా పండే ప్రాంతం కావడంతో ముడిసరుకు చేతికందేంత దూరంలోనే ఉంది.

హైడ్రోజన్ ఎంత ఎక్కిస్తే కొవ్వు అంత గట్టిపడుతుంది. పూర్తిగా ఎక్కించిన సోయా నూనె 70 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో గానీ కరగదు, చల్లారాక పెళుసుగా ఉంటుంది. అది ఉన్నదున్నట్టు జార్‌లో పోస్తే బీటలు వారుతుంది. అందుకని తయారీదారులు హైడ్రోజన్ పాళ్లు తగ్గిస్తారు, లేదా మెత్తని నూనెలు కలుపుతారు. కొందరు పామ్, కొబ్బరి, పారాఫిన్ కూడా కలిపి "సోయా బ్లెండ్" అని అమ్ముతారు. బ్లెండ్ అన్నంత మాత్రాన నాసిరకం అనుకోనక్కర్లేదు. ఏది ఎంత పాళ్లలో ఉందో బస్తా మీద రాయకపోతేనే ఇబ్బంది, ఎందుకంటే వత్తి లెక్క దాన్ని బట్టి మారిపోతుంది.

దుకాణంలో కనిపించే ముఖ్యమైన తేడా రెండు రకాల మధ్య. ఒకటి జార్‌లో పోసే కంటైనర్ వ్యాక్స్. ఇది మెత్తగా ఉంటుంది, గాజుకి అంటుకుంటుంది, తక్కువ వేడికే కరుగుతుంది. రెండోది జార్ లేకుండా నిలబడే క్యాండిల్స్‌కి వాడే పిల్లర్ వ్యాక్స్. ఇది గట్టిగా ఉండి, చల్లారేటప్పుడు కొంచెం కుంచించుకుని అచ్చులోంచి తేలిగ్గా ఊడి వస్తుంది. రీల్స్‌లో కనిపించే బబుల్ క్యూబ్‌లు, గులాబీ పువ్వు ఆకారం క్యాండిల్స్ చూసి, జార్ కోసం అమ్మే వ్యాక్స్‌ని సిలికాన్ అచ్చులో పోసేవాళ్లు చాలామంది. అది అచ్చులోంచి వచ్చేటప్పుడే విరుగుతుంది, వచ్చినా వెలిగించిన కాసేపటికి పక్కకి ఒరిగి కారిపోతుంది. అందులో చేసినవాళ్ల తప్పేం లేదు, ఆ మైనం ఆ పనికి చేసింది కాదు, అంతే.

కరిగే ఉష్ణోగ్రత, మన ఎండలు

అమెరికాలో ఇళ్లలో క్యాండిల్స్ చేసేవాళ్లు బాగా వాడే గోల్డెన్ వ్యాక్స్ 464 అనే కంటైనర్ సోయా మైనం 46 నుంచి 49 డిగ్రీల మధ్య కరుగుతుంది. అక్కడ ఇంట్లో వేడి ఏడాది పొడుగునా 20, 22 డిగ్రీల దగ్గరే ఉంటుంది కాబట్టి వాళ్లకది పెద్ద ఇబ్బంది కాదు. మనకి మే నెలలో విజయవాడ, రామగుండం, నల్గొండల్లో బయటే 44, 45 డిగ్రీలు. ఎండలో ఆపిన కొరియర్ వ్యాన్ లోపల అంతకన్నా ఎక్కువ. నీళ్లలా కొవ్వులకి ఒకే ఒక్క కరిగే బిందువు ఉండదు. కరగడానికి చాలా ముందు నుంచే మెత్తబడటం మొదలవుతుంది. అప్పుడు పైన నూనె చుక్కలు తేలతాయి, పైభాగం ఒక పక్కకి జారుతుంది, వత్తి వంగిపోతుంది. కస్టమర్ చేతికి వెళ్లేసరికి క్యాండిల్ రూపం మారిపోతుంది.

అందుకే మన దగ్గర వేసవిలో అమ్మే సరుకుకి 50 డిగ్రీలు దాటాక కరిగే రకం, లేదా కాస్త పిల్లర్ వ్యాక్స్ కలిపిన మిశ్రమం వాడేవాళ్లు ఉన్నారు. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దాకా కరగదు కాబట్టి దాన్ని కొద్దిగా కలిపేవాళ్లూ ఉన్నారు. ఏది కలిపినా ఒక ఫలితం మాత్రం ఖాయం. మైనం గట్టిపడిన కొద్దీ దాన్ని అంచు దాకా కరిగించడానికి ఎక్కువ వేడి కావాలి. అంటే పాత వత్తి చాలకపోవచ్చు.

దీనికి ఎదురు దిశలో ఇంకో ప్రభావం ఉంది. 48 డిగ్రీల దగ్గర కరిగే మైనాన్నే తీసుకుందాం. 20 డిగ్రీల గదిలో అది కరగాలంటే ముందు 28 డిగ్రీలు వేడెక్కాలి. 36 డిగ్రీల గదిలో 12 డిగ్రీలు వేడెక్కితే చాలు. గడ్డ ద్రవంగా మారడానికి పట్టే వేడి రెండు చోట్లా ఒకటే కాబట్టి మొత్తం అవసరం సగానికి సగం తగ్గదు. అయినా తేడా కంటికి కనిపించేంత ఉంటుంది. ఏ జార్‌కి ఏ వత్తి సరిపోతుందో చెప్పే విదేశీ కంపెనీల పట్టికలు చల్లని గదులని మనసులో పెట్టుకుని చేసినవి. వాటి ప్రకారం ఎంచిన వత్తి మన ఏప్రిల్ నెలలో ఒక సైజు పెద్దదిగా ప్రవర్తిస్తే ఆశ్చర్యం లేదు. అదే క్యాండిల్ జనవరిలో ఆదిలాబాద్‌లో వెలిగిస్తే అంచుల దగ్గర మైనం మిగిలిపోవచ్చు. న్యూజెర్సీలో ఉన్న బంధువుల కోసం ఇక్కడ చేసి పంపిన క్యాండిల్‌కీ అదే గతి.

పారాఫిన్‌తో పోలిస్తే

పారాఫిన్ పెట్రోలియం శుద్ధిలో వచ్చేది. అస్సాంలోని డిగ్‌బోయ్, నుమాలీగఢ్ రిఫైనరీల మైనం మన దేశంలో బాగా పేరున్నది. కరెంటు పోయినప్పుడు వెలిగించే తెల్ల కొవ్వొత్తులు పారాఫిన్‌వే. రసాయనికంగా అది కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉన్న పొడుగాటి గొలుసులు. సోయా మైనంలో ఆక్సిజన్ కూడా ఉంటుంది, అణువులు పెద్దవి. అందువల్ల రెండు తేడాలు వస్తాయి. గ్రాముకి వచ్చే వేడి పారాఫిన్ కన్నా సోయాలో పదో వంతుకి పైగా తక్కువ. కరిగిన సోయా పారాఫిన్ కన్నా చిక్కగా ఉంటుంది కాబట్టి వత్తిలో నెమ్మదిగా ఎక్కుతుంది. పారాఫిన్ జార్‌లో హాయిగా వెలిగిన వత్తిని సోయాలో పెడితే నీరసపడటానికి కారణం ఇదే. సాధారణంగా సోయాకి ఒకటి రెండు సైజులు పెద్ద వత్తి కావాలి.

ఇక ఆరోగ్యం మాట. "పారాఫిన్ విషం, సోయా సహజం" అన్న ప్రచారం చాలా లేబుళ్ల మీద కనిపిస్తుంది. 2009లో సౌత్ కరొలైనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు పారాఫిన్ క్యాండిల్స్ నుంచి టొలూయీన్ లాంటి రసాయనాలు వెలువడుతున్నాయనీ, కూరగాయల నూనెలతో చేసిన వాటిలో అలా కనిపించలేదనీ అమెరికన్ కెమికల్ సొసైటీ సమావేశంలో చెప్పారు. ఆ మాట వార్తల్లో బాగా తిరిగింది. రెండేళ్ల ముందు, 2007లో, పారాఫిన్, సోయా, పామ్, స్టియరిన్ (కొవ్వుల నుంచి తీసే గట్టి మైనం), తేనెమైనం అన్నింటినీ ఒకే పద్ధతిలో కాల్చి చూసిన పరీక్షలో అన్ని మైనాల నుంచి వెలువడేవి దాదాపు ఒకేలా ఉన్నాయనీ, హాని కలిగించే స్థాయికి చాలా కింద ఉన్నాయనీ తేలింది. ఆ పరీక్షకి డబ్బు పెట్టింది క్యాండిల్ పరిశ్రమ సంఘాలే, ఆ సంగతి మర్చిపోకూడదు. మొదటిది సమావేశంలో చెప్పిన ఫలితం, రెండోది పరిశ్రమ చేయించుకున్న పరీక్ష. ఏ ఒక్కదాన్నో పట్టుకుని తీర్పు చెప్పడం తొందరపాటు.

నిక్కచ్చిగా చెప్పగలిగింది మసి గురించి. మసి ఎక్కువ తక్కువలని మైనం పేరు కన్నా వత్తి సైజు, గాలి తాకిడి ఎక్కువగా నిర్ణయిస్తాయి. పెద్ద వత్తి పెట్టిన సోయా క్యాండిల్, సరైన వత్తి ఉన్న పారాఫిన్ క్యాండిల్ కన్నా ఎక్కువ మసి వదలగలదు. సీలింగ్ ఫ్యాన్ కింద పెడితే ఏ క్యాండిల్ అయినా మంట ఊగి, ఆవిరి మండకముందే పక్కకి చెదిరి, జార్ మూతి నల్లబడుతుంది.

పర్యావరణం వాదన కూడా రెండు వైపులా ఉంది. సోయా మళ్లీ పండించగల పంట. తెలంగాణలో ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి వైపు రైతులు వేస్తారు కూడా. అయితే మన దేశానికి వచ్చే సోయా నూనెలో పెద్ద భాగం అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి దిగుమతి అయ్యేదే, దక్షిణ అమెరికాలో సోయా సాగు కోసం అడవులు నరుకుతున్నారన్న విమర్శా ఉంది. సోయా వ్యాక్స్ వాడటానికి నిజమైన కారణాలు నాకు వేరేవి కనిపిస్తాయి. కింద ఒలికితే సబ్బు నీళ్లతో తేలిగ్గా పోతుంది. తక్కువ వేడికి కరుగుతుంది కాబట్టి ఇంట్లో పని చేసుకోవడానికి కాస్త నయం. నెమ్మదిగా కాలుతుంది. సెంటు వాసన విషయంలో మాత్రం పారాఫిన్ గదంతా త్వరగా నింపుతుందని చాలామంది తయారీదారులు ఒప్పుకుంటారు.

వత్తి ప్యాకెట్ మీద అంకెలు

పాత రోజుల్లో కొవ్వొత్తి వత్తులు మామూలు పేనిన దారాలు. అవి కాలకుండా మంటలో నిటారుగా నిలబడి పెరుగుతూ పోయేవి, మాటిమాటికీ ఎవరో ఒకరు కత్తిరించాల్సి వచ్చేది. 1825లో ఫ్రాన్స్‌లో కాంబసెరెస్ అనే అతను జడలా అల్లిన వత్తిని తెచ్చాడు. అల్లికలో బిగువు ఒక వైపు ఎక్కువగా ఉండటంతో అది కాలే కొద్దీ పక్కకి వంగుతుంది. ఇప్పుడు మంచి వత్తి వెలుగుతున్నప్పుడు దగ్గరగా చూస్తే ఇది తెలుస్తుంది. కొస మంట అంచుని దాటి బయటికి తొంగి చూస్తూ ఉంటుంది, ఆ చివర ఎర్రటి చుక్కలా మెరుస్తూ ఉంటుంది. మంట లోపల ఆక్సిజన్ తక్కువ, అంచు దగ్గర ఎక్కువ. బయటికి వచ్చిన కొస పూర్తిగా కాలి బూడిదైపోతుంది. తనని తాను కత్తిరించుకునే వత్తి అంటే ఇదే.

సోయా కోసం అమ్మే వత్తుల్లో ఎక్కువ భాగం ఇలాంటి చదునైన నూలు అల్లికలే, మధ్యలో సన్నని కాగితం పోగులు కలిపి. విదేశీ సరుకులో సీడీ, ఎకో, హెచ్‌టీపీ, ఎల్ఎక్స్ లాంటి సిరీస్ పేర్లు ఉంటాయి, ఒక్కో సిరీస్‌లో వరుసగా సైజు అంకెలు ఉంటాయి. సీడీ 10, ఎకో 10 రెండూ ఒకే సైజు అనుకోవడం చాలామంది పొరపాటు. ఆ అంకె ఆ సిరీస్ లోపల మాత్రమే అర్థమున్నది. ఎకో 8 కన్నా ఎకో 10 పెద్దదని చెప్పొచ్చు, అంతకుమించి దాన్నుంచి తెలిసేది లేదు.

మన మార్కెట్లో ఇంకో గందరగోళం ఉంది. "6 ఇంచుల కాటన్ విక్, 50 పీసులు" అని రాసి ఉంటుంది. ఆరంగుళాలు అన్నది పొడుగు. మంటని నిర్ణయించేది మందం, అల్లిక బిగువు. పొడుగు ఎంతైనా జార్‌కి తగ్గట్టు కత్తిరించుకోవచ్చు. మందం గానీ సిరీస్ గానీ చెప్పని ప్యాకెట్‌తో ఒక క్యాండిల్ బాగా వచ్చినా, రెండోసారి తెప్పించిన ప్యాకెట్‌లో అదే వత్తి ఉంటుందన్న హామీ లేదు. వరుసగా సైజులు ఉన్న ఒకే సిరీస్ అమ్మే దుకాణం దొరికితే, ధర కాస్త ఎక్కువైనా అది పెద్ద ఊరట.

లోహపు పోగు ఉన్న వత్తుల గురించి భయం ఎక్కువ. సీసం పోగు ఉన్న వత్తులను అమెరికా 2003లో నిషేధించింది, ఆ భయానికి మూలం అది. ఇప్పుడు వచ్చే జింక్ పోగు వత్తులు అలాంటివి కావు. అవి నిటారుగా నిలబడతాయి, కాకపోతే కొసన కార్బన్ ముద్ద ఎక్కువ కడుతుంది, చిక్కటి సోయాలో నూలు వత్తుల కన్నా బలహీనంగా మండుతాయని చాలామంది వాటిని పక్కన పెడతారు. చెక్క వత్తులు చిటపట శబ్దంతో అందంగా ఉంటాయి, వెడల్పాటి మంట ఇస్తాయి. కొస రెండు మూడు మిల్లీమీటర్లకి మించి ఉంటే ఆరిపోతూ విసిగిస్తాయి.

జార్ వెడల్పు: రెండు సెంటీమీటర్లు అంటే ఎంత

వత్తి పట్టికలన్నీ జార్ లోపలి వ్యాసం మీద ఆధారపడతాయి. వ్యాసం పెరిగితే కరగాల్సిన వైశాల్యం ఆ వ్యాసం వర్గం (స్క్వేర్) లెక్కన పెరుగుతుంది. 6 సెంటీమీటర్ల జార్‌లో పైభాగం వైశాల్యం సుమారు 28 చదరపు సెంటీమీటర్లు. 8 సెంటీమీటర్ల జార్‌లో 50. కంటికి కొంచెం పెద్దదిగా కనిపించే జార్‌లో మంట చేయాల్సిన పని ముప్పావు వంతుకి పైగా పెరిగింది. 10 సెంటీమీటర్లకి వెళ్తే 78 దాటుతుంది.

అంత వెడల్పుని ఒకే వత్తితో కరిగించాలంటే మంట బాగా పెద్దదవుతుంది, మసి వస్తుంది. అందుకే 9 సెంటీమీటర్లు దాటిన జార్‌లలో ఒక పెద్ద వత్తి బదులు రెండు చిన్నవి పెడతారు. ఒక్కో వత్తి తన చుట్టూ సగం వెడల్పు కరిగిస్తే చాలు. వత్తులు మరీ దగ్గరగా ఉంటే రెండు మంటలూ కలిసిపోయి మధ్యలో విపరీతమైన వేడి పుడుతుంది, మరీ అంచున ఉంటే గాజు ఒకే చోట కాలుతుంది.

జార్‌గా దేన్ని వాడుతున్నామన్నదీ ముఖ్యమే. సన్నని టీ గ్లాసులు ఒక్కసారిగా మారే వేడికి పగలొచ్చు. కొబ్బరి చిప్ప చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ అదే మండే వస్తువు. మూతి సన్నగా, పొట్ట లావుగా ఉన్న సీసాల్లో గాలి సరిగ్గా ఆడదు, వేడి పైనే పోగుపడుతుంది. మంట మూతి దగ్గర ఒకలా, లోపలికి దిగాక ఇంకోలా ఉంటుంది.

సెంటు, రంగు వత్తిని ఎలా మారుస్తాయి

ఒక జార్‌లో మైనం పోయాలనుకున్న గీత వరకు నీళ్లు పోసి కొలిస్తే 180 మిల్లీలీటర్లు వచ్చాయనుకుందాం. సోయా మైనం సాంద్రత నీటిలో సుమారు 0.9 వంతు. అంటే మొత్తం 160 గ్రాముల దరిదాపు పడుతుంది. సెంటు 8 శాతం అంటే మైనం బరువులో 8 శాతం అని సాధారణంగా లెక్క. 160ని 1.08తో భాగిస్తే మైనం 148 గ్రాములు, మిగతా 12 గ్రాములు సెంటు. దీన్ని మిల్లీలీటర్లలో కొలిస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే ఒక్కో సెంటు నూనె బరువు ఒక్కో రకం. 12 మిల్లీలీటర్లు పోస్తే 11 గ్రాములూ కావచ్చు, 12న్నర గ్రాములూ కావచ్చు.

సెంటు ఎక్కువ పోస్తే వాసన ఎక్కువ వస్తుందన్న నమ్మకం ఒక హద్దు వరకే నిజం. మైనం పట్టుకోగలిగినంత మించితే నూనె విడిపోయి అడుగున, గాజు అంచున చేరుతుంది. అది వత్తిలోకి ఎక్కితే మంట తీరే మారిపోతుంది. వెనిల్లా, గంధం లాంటి బరువైన సెంట్లు వత్తి సందులని నెమ్మదిగా పూడ్చేస్తాయి. నిమ్మ, నారింజ లాంటివి తేలిగ్గా ఆవిరవుతాయి. ఒకే మైనం, ఒకే జార్‌లో మల్లె క్యాండిల్‌కి ఒక వత్తి, వెనిల్లా క్యాండిల్‌కి అంతకన్నా ఒక సైజు పెద్దది అవసరం పడటం మామూలే.

రోజ్ వాటర్ లాంటి నీటి ఆధారిత ద్రవాలు మైనంలో కలవవు, అడుగున చేరి మంట తగిలినప్పుడు చిటపటమని ఎగజిమ్ముతాయి. క్రేయాన్లు కరిగించి రంగు వేసే చిట్కా చూడ్డానికి బాగుంటుంది. క్రేయాన్ రంగు కరగని పొడి, అది వత్తి పోగుల్లో ఇరుక్కుని మంటని చంపేస్తుంది. మైకా మెరుపు పొడీ అంతే.

ఫ్లాష్ పాయింట్ అనే మాట కూడా చాలా అపోహకి గురవుతోంది. సెంటు సీసా మీద ఫ్లాష్ పాయింట్ 65 డిగ్రీలు అని ఉంటే, అంతకన్నా వేడి మైనంలో పోస్తే వాసన కాలిపోతుందని కొందరు చెబుతారు. ఫ్లాష్ పాయింట్ అంటే ఆ వేడి దగ్గర ఆ నూనె ఆవిరికి మంట చూపిస్తే అంటుకోగలదు అని. 80 డిగ్రీల మైనంలో పోసినంత మాత్రాన అది దానంతటది మండదు, వాసన మాయమైపోదు. అలాగని పట్టించుకోకుండా ఉండే విషయమూ కాదు. మన ఇళ్లలో మైనం కరిగేది గ్యాస్ స్టవ్ మీద. పక్కన మంట వెలుగుతుండగా వేడి మైనంలోకి సెంటు వంపితే ఆవిరి మంటని తాకే అవకాశం ఉంది. స్టవ్ కట్టేసి, గిన్నె దూరంగా తెచ్చాక సెంటు కలపడం వెనక ఉన్న కారణం అది.

చేసిన క్యాండిల్‌ని వారం రెండు వారాలు పక్కన పెడితేనే వాసన బాగా వస్తుందన్నది మరో వివాదం. కొవ్వు స్ఫటికాలు చల్లారిన తర్వాత కూడా కొన్ని రోజుల పాటు అమరిక మార్చుకుంటూ ఉంటాయి, అది నిజం. దానివల్లే వాసన పెరుగుతుందన్నది తయారీదారులు అనుభవం మీద చెప్పే మాట.

టెస్ట్ బర్న్ ఎందుకు పట్టికని ఓడిస్తుంది

టెస్ట్ బర్న్ అంటే క్యాండిల్‌ని ముందుగా వెలిగించి, ఎలా కాలుతోందో చూడటం. 7 సెంటీమీటర్ల జార్, 160 గ్రాముల సోయా మిశ్రమం, ఒకే సిరీస్‌లో వరుసగా మూడు వత్తులు. ఒక్కోటి మూడు గంటలు వెలిగించారనుకుందాం. వ్యాసంలో ప్రతి రెండున్నర సెంటీమీటర్లకి గంట అన్నది వాడుకలో ఉన్న లెక్క, 7 సెంటీమీటర్లకి సుమారు మూడు గంటలు.

చిన్న వత్తి చుట్టూ 4 సెంటీమీటర్ల మేరే కరిగింది. మధ్య వత్తి దాదాపు అంచు దాకా కరిగించింది గానీ గాజు చుట్టూ మూడు నాలుగు మిల్లీమీటర్ల మైనం అంటుకుని మిగిలింది. పెద్ద వత్తి గంటన్నరకే అంచు తాకింది, చూడముచ్చటగా ఉంది. మొదటిసారి చేసేవాళ్లలో చాలామంది పెద్దదాన్ని ఎంచుకుంటారు.

ఈ మూడింటినీ అడుగు దాకా కాలిస్తే బొమ్మ తిరగబడుతుంది. మంట జార్ లోపలికి దిగిన కొద్దీ చుట్టూ ఉన్న గాజు గోడలు వేడిని పట్టి ఉంచుతాయి, చల్లగాలి లోపలికి రావడం తగ్గుతుంది. మధ్య వత్తి సగం దాటాక ఆ వేడితో పైన గోడకి అంటుకున్న మైనాన్ని కూడా కరిగించి శుభ్రం చేస్తుంది. పెద్ద వత్తి అదే చోట హద్దు మీరుతుంది. మంట పొడుగవుతుంది, కొసన నల్లటి కార్బన్ పుట్టగొడుగు కడుతుంది, గాజు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. పైభాగంలో కొంచెం నీరసంగా కనిపించే వత్తే సోయాకి తరచుగా సరైనది.

తూకం కూడా ఇక్కడ సాయం చేస్తుంది. వెలిగించే ముందు, ఆర్పాక క్యాండిల్‌ని తూస్తే గంటకి ఎన్ని గ్రాములు కాలిందో తెలుస్తుంది. మధ్య వత్తి మూడు గంటల్లో పదమూడున్నర గ్రాములు తింటే గంటకి నాలుగున్నర, 160 గ్రాములకి 35 గంటలు. పెద్దది గంటకి ఏడు తింటే 23 గంటలు కూడా రావు. లేబుల్ మీద "40 గంటలు" అని రాసేముందు చేయాల్సిన లెక్క ఇదే. అడుగున సెంటీమీటరు మైనం మిగలగానే ఆపేయాలి కాబట్టి దాన్ని కూడా లెక్కలోంచి తీసేయాలి. వత్తి కింద ఉండే రేకు బిళ్ల దాకా మంట దిగితే గాజు అడుగు పగిలే ప్రమాదం ఉంది.

తెల్ల మచ్చలు, గరుకు పైభాగం

సోయా క్యాండిల్ పైన, గాజు పక్కన తెల్లటి పొడలా వస్తే వత్తి తప్పని గానీ మైనం పాడైందని గానీ భయపడతారు. రెండూ కాదు. నెయ్యి నెమ్మదిగా పేరినప్పుడు పూస కట్టినట్టే, కొవ్వు స్ఫటికాలు పెద్దవిగా ఏర్పడటం వల్ల ఆ తెలుపు కనిపిస్తుంది. వేడి చల్లదనం మారే చోట ఉంచితే ఎక్కువవుతుంది, రంగు వేసిన క్యాండిల్‌లో మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వెలగడానికి దానితో ఏ సంబంధమూ లేదు. గాజుకీ మైనానికీ మధ్య అక్కడక్కడా తడి మరకల్లా కనిపించేవి మైనం గాజు నుంచి ఊడిన చోట్లు మాత్రమే. పారాఫిన్ కలిపిన బ్లెండ్‌లో ఇవి రెండూ తగ్గుతాయి. నున్నగా మెరిసే పైభాగం కావాలనుకునేవాళ్లు బ్లెండ్ వైపు మొగ్గుతారు, వంద శాతం సోయా అని లేబుల్ వేసుకోవాలనుకునేవాళ్లు ఆ తెలుపుని అలాగే ఉంచుతారు. మైనం మార్చినవాళ్లు మాత్రం వత్తిని మళ్లీ మొదటి నుంచి, అడుగు దాకా కాల్చి చూడక తప్పదు. సరఫరాదారు అదే పేరుతో కొత్త బ్యాచ్ పంపినప్పుడు కూడా ఒక్క జార్ అయినా ముందు కాల్చి చూసుకోవాలి.